మోడెమునకు వచ్చిన యాదేశము

శబ్దశాస్త్రమునఁ బరిశ్రమ చేసినవారికి స్థాని, ఆదేశము అను మాటలు క్రొత్తవి కావు. ఒకదాని చోటికి మఱియొకటి వచ్చి, మొదటిది చేయు పనిని దాను జేయుచు, మొదటిదానికిఁ గల సంజ్ఞను దాను బొందుచు, పరకార్యములకు భంగము రానీయకుండుట యాదేశలక్షణము. పాణిని మొదటి యధ్యాయము మొదటి పాదముననే దీనికొక యతిదేశమును జేసి, వెంటనే దానికొక నిషేధమును గూడ విధించెను. ఈ విధినిషేధములు రెండును లోకమున నొక్కచోటఁ గనఁబడు దృష్టాంతము కావలెనన్నచో, నేఁటి కాలమునఁ బాత కంప్యూటరు ప్రోగ్రాముల విషయమున జరిగిన దానికంటె మేలైనది నాకుఁ దోఁపదు. ఆ ప్రోగ్రాములు టెలిఫోను తీఁగెకుఁ దగిలించిన మోడెమను యంత్రముతో మాటలాడుటకై వ్రాయఁబడినవి. మోడెములు పోయినవి, తీఁగెలును బోవుచున్నవి, ప్రోగ్రాములు మాత్రము మిగిలినవి. మోడెము చోట నొక సాఫ్టువేరును నిలిపి, ప్రోగ్రామునం దొక యక్షరమైన మార్పకయే దానిని ఇంటర్నెట్టు మీఁద మాటలాడింపవచ్చునని కొందఱు చేసి చూపిరి. ఆ సాఫ్టువేరు ఎంతవఱకు స్థానివత్తు, ఎచ్చటఁ గాదు, అను విచారమే యీ వ్యాసము.

ఇది వట్టి వినోదము కాదని మొదటనే చెప్పవలసియున్నది. గ్రంథమును భద్రపఱచుట యనఁగా నాకులను జెదలు తినకుండఁ గాచుటయే యని మనవారిలోఁ జాలమంది తలంపు. లిపి చదువువాఁడు లేనపు డాకు లుండియు ఫలము లేదు. ఈ ప్రోగ్రాముల స్థితి మఱియు విషమము. ఇవి సంభాషణములో నొక పక్షము మాత్రమే. ఎదుటి పక్షమునుండి యుత్తరము వచ్చినఁగాని రెండవ మాట పలుకవు. కావున వాని యక్షరములు పూర్ణముగ నిలిచియున్నను, ఉత్తరమిచ్చువాఁడు లేనిచో నవి మొదటి వాక్యముకడనే నిలిచిపోవును.

మోడెమను పేరు ఇంగ్లీషున మాడ్యులేటరు, డీమాడ్యులేటరు అను రెండు పదముల మొదటి తునకలను గలిపి కట్టినది. మన ప్రత్యాహారములయం దాదివర్ణమును, అంత్యమగు ఇత్తును గ్రహించి నడుమనున్నవాని నన్నిటిని దెలుపుదురు. వారు రెండు మొదళ్లను దెచ్చి తోఁకలను విడిచిరి. అది యటుండనిండు. టెలిఫోను తీఁగె మనుష్యుని కంఠధ్వనిని మోయుటకై పుట్టినది. సెకనుకు సుమారు 300 మొదలు 3400 వఱకుఁ గల కంపనములనే యది చక్కఁగా మోయును. కంప్యూటరు లోపలి వ్రాతయో, సున్న, ఒకటి యను రెండు గుర్తులు తప్ప మఱొకటి యెఱుఁగదు. ఈ గుర్తులను ధ్వనులుగ మార్చి తీఁగెమీఁదఁ బంపుటయు, వచ్చిన ధ్వనులను మరల గుర్తులుగ మార్చుటయు మోడెము పని. అమెరికాలోని ఏటీ అండ్ టీ సంస్థవారు 1962లో వెలువరించిన బెల్ 103 అను మోడెమున, పిలిచినవాని పక్షమున సున్నకు 1070 కంపనముల స్వరమును, ఒకటికి 1270 కంపనముల స్వరమును నియమించిరి. పలికినవాని పక్షమున సున్నకు 2025, ఒకటికి 2225. రెండు జతలును వేఱువేఱగుటచేత నిరువురు నేకకాలమున మాటలాడినను సంకరము కలుగదు. సెకనుకు 300 గుర్తులు దాని వేగము. ఒక యక్షరమునకు మొదట నొకటి, చివర నొకటి కావలిగుర్తులఁ జేర్పఁగా మొత్తము పది గుర్తులు పట్టును గావున, సెకనుకు ముప్పది యక్షరములు నడచును. నిదానముగఁ జదువువాని చూపునకు సరిపోవు వేగమే. (ఈ వేగమును బాడ్లలోఁ జెప్పుట వాడుక. ఎమిల్ బోదో యను ఫ్రెంచి తంత్రీశాస్త్రజ్ఞుని పేరిట నేర్పడిన యా మాన మొక సెకనులో స్వర మెన్నిమార్లు మాఱునో తెలుపును గాని, గుర్తుల సంఖ్యను దెలుపదు. 300 వేగపు మోడెమున రెండు నొకటియే. తరువాతి 2400 వేగపు మోడెమున బాడ్లు 600 మాత్రమే. వ్యవహారమున నీ రెంటిని గలిపివేసిరి.)

తీఁగె టెలిఫోను సంస్థది. దానికిఁ బరుల యంత్రమును దగిలింపరాదని యా సంస్థ నిర్బంధము. అందుచేతఁ గొంతకాలము టెలిఫోను చేతిగొట్టమునే రెండు రబ్బరు గిన్నెలలో నుంచి, వినికిడిచేతనే పని నడపిరి. 1968లో కార్టర్‌ఫోను వివాదమున అమెరికా ప్రభుత్వపు సంచార సమితి యిచ్చిన తీర్పుతో నా కట్టు సడలినది. ఇంతవఱకును మోడెములు చాలవఱకు మూఁగవి. సంఖ్యను మనుష్యుఁడు త్రిప్పవలెను. ఎదుటి యీల వినఁబడఁగానే మనుష్యుఁడే గొట్టమును గిన్నెలో నుంచవలెను. ప్రోగ్రామునకు అట్టి మోడెముతో నేమియుఁ జెప్పు వీలు లేదు.

ఆ వీలు 1981లో విరివిగఁ గలిగినది. జార్జియా రాష్ట్రమున డెన్నిస్ హేస్, డేల్ హెదరింగ్టన్ అనువారు స్మార్ట్ మోడెమను దానిని వెలువరించిరి. దానికొక చిన్న భాష కలదు. ప్రతి యాజ్ఞయు ఏ, టీ యను రెండక్షరములతో మొదలగును. అవధానము నర్థించు నింగ్లీషు మాటలో నవి రెండక్షరములు. ఏటీ తరువాత డీ, టీ చేర్చి సంఖ్యను వ్రాసినచో నా సంఖ్యను బిలుచును. హెచ్ చేర్చినచోఁ దీఁగెను విడుచును. ఏ చేర్చినచో వచ్చిన పిలుపునకుఁ బలుకును. మోడెము తిరిగి యిచ్చు నుత్తరములును మితములే: సరే, గంట మ్రోగుచున్నది, కలిసినది, తీఁగె యెడతెగినది, అక్కడివారు వేఱొకరితో మాటలాడుచున్నారు. మంగళాచరణము వంటి యీ ఏటీ యను రెండక్షరములు మఱియొక పనికిని వచ్చినవి. వాని గుర్తుల నిడివిని గొలిచి, ప్రోగ్రా మెంత వేగమున మాటలాడుచున్నదో మోడెము కనిపెట్టును.

ఇచ్చట నొక చిక్కు కలదు; దానికి వారు కనుఁగొన్న పరిష్కారము వ్యాకరణము నెఱిఁగినవారు మెచ్చఁదగినది. ఆజ్ఞలును, తీఁగెమీఁదఁ బంపవలసిన మాటలును ఒకే త్రోవను మోడెమునకు వచ్చును. కలియిక కలిగిన పిమ్మట వచ్చినదెల్ల మోడెము తనది కాదని యెదుటికిఁ బంపివేయును. మరల దానితోనే మాటలాడవలసిన యెడల నెట్లు? మూఁడు ప్లస్సు గుర్తులు వరుసగ వచ్చినచో నది తనకే యని మోడెము గ్రహింపవలెనని నియమించిరి. కాని పంపెడు వ్రాతలోనే మూఁడు ప్లస్సు గుర్తు లుండవచ్చును గదా. అందుచే హెదరింగ్టన్ ఆ మూఁటికిని బూర్వమున నొక సెకను, పరమున నొక సెకను మౌన ముండవలెనని చేర్చెను. వర్ణముల చేఁ గాక వర్ణాభావముచే సంజ్ఞను నిర్ణయించుట యిది. విరామమునకు అవసానసంజ్ఞ చేసి దానినిబట్టి కార్యములు విధించిన శాస్త్రము చదివినవారికి మౌనమునకు నర్థముండుట వింత గాదు. ఈ యుపాయమునకు హేసువారు పేటెంటు పొందఁగా, రుసుము చెల్లింప నిష్టపడని కొందఱు యంత్రకారులు మౌననియమమును విడిచిపెట్టిరి. ఫలితము 1990ల చివరఁ గనఁబడినది. ప్లస్సులు మూఁడును, తీఁగెను విడుమను నాజ్ఞయు గల చిన్న సందేశము నెదుటివానికిఁ బంపి, అతని కంప్యూటరు దానినే ప్రతిధ్వనింపఁగా, అతని మోడెము తన తీఁగెను దానే తెంచుకొనునట్లు దుష్టులు చేయుచుండిరి.

ఈ భాషను నమ్మి పెక్కు ప్రోగ్రాములు పుట్టినవి. స్మార్ట్ మోడెమునకు ముందే 1978 జనవరిలో షికాగో నగరము మంచులో మునిఁగియుండఁగా, వార్డ్ క్రిస్టెన్‌సెన్, రాండీ స్యూస్ అను నిరువు రొక ప్రకటనఫలకమును గట్ట మొదలిడి, ఫిబ్రవరి 16న లోకమునకుఁ దెఱచిరి. టెలిఫోనుమీఁద నొక కంప్యూటరును బిలిచి, అందున్న జాబులను జదివి, తన జాబు నుంచి పోవుట దాని యుపయోగము. బులెటిన్ బోర్డులని పేరువడిన యిట్టి ఫలకములు తరువాత వేలకొలఁది వెలసినవి. 1984లో టామ్ జెన్నింగ్స్ అను నతఁడు శాన్ ఫ్రాన్సిస్కోలో ఫైడోనెట్టు అను నేర్పాటును జేసి, ఫలకములు రాత్రివేళ టెలిఫోను వెల తక్కువగ నున్నపు డొకదాని నొకటి పిలిచి జాబులను మార్చుకొనునట్లు చేసెను. మన దేశమునఁ బ్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న విదేశ సంచార్ నిగమువారి మూలముగ వచ్చినపుడు నది మోడెము మీఁదనే వచ్చినది. ఆ కూఁత విన్న చెవులు మన పాఠకులలో నెన్నియో యుండును. తరువాత విశాలమార్గములు వచ్చి మోడెములు మూలఁబడినవి. అమెరికాలో ఏఓఎల్ సంస్థ మోడెముమూలముగ నిచ్చుచుండిన ఇంటర్నెట్టును 2025 సెప్టెంబరు 30తో ముగించినది. బ్రిటనులోఁ బూర్వపు టెలిఫోను వ్యవస్థనే తొలఁగించుటకు మొదట 2025 డిసెంబరును, తరువాత 2027 జనవరిని గడువుగ నిర్ణయించిరి.

టెలిఫోను పలుకులను నేఁడు ఇంటర్నెట్టుమీఁదనే పంపుచున్నారు గదా, మోడెము కూఁతను గూడ నట్లే పంపరాదా యని యొక శంక. అది సుఖముగ సాగదు. పలుకులను బంపు పద్ధతులలోఁ గొన్ని మానవకంఠమునకుఁ దగినట్లు ధ్వనిని సంక్షేపించును. మోడెము ధ్వని కంఠధ్వని గాదు గనుక నా సంక్షేపమున రూపు చెడును. సంక్షేపింపని పద్ధతియందును, ధ్వనిఖండములు ముందు వెనుకలై యాలస్యమగుట కలదు. 300 వేగపు ముదుసలి మోడెము దానిని గొంత సహించును గాని, వేగము పెరిఁగినకొలఁది సహనము తగ్గును. కావున ధ్వని నంతయుఁ ద్రోసిపుచ్చి, మోడెమునే తీసివేయుట మేలని తేలినది.

ఆ తీసివేయు విధ మెట్టిదనఁగా: ప్రోగ్రామునకును మోడెమునకును నడుమ సీరియల్ పోర్టను ద్వార ముండును. ప్రోగ్రా మెఱిఁగినది ఆ ద్వారమునే కాని, ద్వారమున కావలనున్న యంత్రమును గాదు. ఆదేశసాఫ్టువేరు ఆ ద్వారమునకు రెండవ ప్రక్కనఁ గూర్చుండును. ప్రోగ్రాము ఏటీడీటీ యని సంఖ్యను బలుకఁగానే, అది యా సంఖ్యను తన పట్టికలోఁ జూచి, దానికి సరియైన ఇంటర్నెట్టు చిరునామాను గ్రహించి, అచ్చటికి మార్గమును దెఱచి, కలిసినదని ప్రోగ్రామునకుఁ జెప్పును. పిమ్మట వచ్చిన బైట్ల నిటు నటు మోయుచుండును. టీసీపీసర్ అనునది యిట్టి సాఫ్టువేరు. కొమడోర్ 64 మొదలగు చిన్న యంత్రములను నిజమైన తీఁగెతో నింకొక కంప్యూటరునకుఁ దగిలించి, ఆ కంప్యూటరుచే మోడెము వేషము వేయించును. 2002లో వెలువడిన డాస్‌బాక్సు పాత డాస్ యంత్రమునే యాసాంతము సాఫ్టువేరుతోఁ గల్పించును గనుక, అందు ద్వారమును మోడెమును రెండును గల్పితములే. ఈఎస్‌పీ8266 అను నగ్గిపెట్టెకంటెఁ జిన్నదగు వైఫై ఫలకమున నీ భాషను నింపి, పాత కంప్యూటరు వెనుక నిజమైన మోడెమును దగిలించినట్లే తగిలించువారును గలరు.

సంఖ్యల పట్టిక విషయము ప్రత్యేకముగఁ జెప్పఁదగినది. పాత ప్రోగ్రాములు కొన్ని టెలిఫోను సంఖ్యలో నంకెలు తప్ప నన్యమును వ్రాయనీయవు. అక్షరములతోను జుక్కలతోను గూడిన ఇంటర్నెట్టు చిరునామా వానికి మ్రింగుడు పడదు. టీసీపీసరులో ఫలానా సంఖ్యకు ఫలానా చిరునామా యని ముందుగ వ్రాసి యుంచవచ్చును. డాస్‌బాక్సు మఱియొక త్రోవను ద్రొక్కినది: చిరునామాలోని నాలుగు భాగములను, ఒక్కొక్కటి మూఁడంకెలుగ నింపి, పండ్రెండంకెల టెలిఫోను సంఖ్యవలె నిచ్చినను గ్రహించును. ప్రోగ్రాము తాను బాల్టిమోరు నగరమునందలి యొక యింటిని బిలుచుచున్నాననియే యెంచును.

ఇంక స్థానివద్భావమునకు వత్తము. అస్ ధాతువునకు ఆర్ధధాతుకవిషయమున భూ యాదేశము వచ్చును. భూ యనునది యచ్చట ధాతుసంజ్ఞను బొందినఁగాని దానిపైఁ దవ్యప్రత్యయము రాదు, భవితవ్యమను రూపము సిద్ధింపదు. క్త్వాకు ల్యప్ వచ్చినపుడు, క్త్వాకుఁ గల కృత్త్వము ల్యప్పునకు సంక్రమించినఁగాని ప్రకృత్య యనుచోఁ దుగాగమము రాదు. అనఁగా సంజ్ఞ నాశ్రయించిన కార్యము లన్నియు నాదేశమునకు సంక్రమింపవలెను. మోడెమునకు ప్రోగ్రాము చూచు సంజ్ఞ లెవ్వి? ఏటీ యాజ్ఞలకు నుత్తరము లొక వర్గము. ఇవి మాటలే గనుక ననుకరణము సులభము. రెండవ వర్గము ద్వారమునందలి తీఁగెలమీఁది మూఁగసైగలు. 1960 నాఁటి ఆర్‌ఎస్-232 అను నియమము వీనిని నిర్ణయించినది. యెదుటి స్వరము వినఁబడుచున్నంతసేపు మోడెము డీసీడీ యను తీఁగెను బైకెత్తి యుంచును. స్వరము పోఁగానే దించును. ప్రోగ్రాము డీటీఆర్ అను తీఁగెను దించినచో మోడెము టెలిఫోనును విడుచును.

ఈ డీసీడీ యను సైగయే యసలైన పరీక్ష. ప్రకటనఫలకపు ప్రోగ్రాము పిలిచినవాని పేరును రహస్యపదమును అడిగి లోనికి రానిచ్చును. అతఁడు సెలవు చెప్పకయే తీఁగెను విడిచెననుకొనుఁడు. మోడె మున్నపుడు డీసీడీ దిగును. ప్రోగ్రాము దానిని జూచి యతని గది తలుపు మూయును. ఆదేశము మాట లన్నియుఁ జక్కఁగఁ బలికియు నీ సైగను జేయనిచో, తలుపు తెఱచియే యుండును. తరువాతఁ బిలిచినవాఁడు మొదటివాని పేరితోఁ గూర్చుండి, మొదటివాని జాబులను జదువును. యూనిక్సులోఁ గల్పితద్వారముగ వాడు సూడో టెర్మినలునకు నిట్టి సైగతీఁగెలే లేవు. కావున దానిమీఁదఁ గట్టిన యాదేశము తానెంత కోరినను డీసీడీని దింపలేదు. టీసీపీసరును నిజమైన తీఁగెతోఁ గట్టువారు తమ వైపు డీటీఆర్ సైగను, ఎదుటి యంత్రమున డీసీడీగాఁ దగులునట్లు తీఁగెను మెలివేసి యీ చిక్కును దాఁటిరి. డాస్‌బాక్సు ద్వారమునే కల్పించినది గనుక దానికీ బాధ లేదు. ప్రోగ్రాము చూచు 1022వ స్థానమునందలి బైటులోఁ బెద్ద గుర్తును నొకటిగనో సున్నగనో మార్చిన నంతయుఁ దీఱినది.

ఫాసిల్ అను పద్ధతి ననుసరించిన ప్రోగ్రాములకు నీ కష్టములు తక్కువ. అవి ద్వారపు స్థానములను స్వయముగఁ దాఁకవు. నడుమ నొక మధ్యవర్తికి పంపుము, తెమ్ము, తీఁగె యున్నదా యని చెప్పి, పనిని దానికి విడుచును. ఫైడోనెట్టువారే యీ మధ్యవర్తిని గల్పించిరి. వారికాలమున నానా విధములగు కంప్యూటరులపై నొక్క ప్రోగ్రామును నడపుటకై చేసిన పని, వారి తరువాతఁ గంప్యూటరు లుండి మోడెములు లేని కాలమున నక్కఱకు వచ్చినది. నెట్‌ఫాసు అను నాదేశ మా మధ్యవర్తి స్థానమునఁ గూర్చుండి, బైట్లను ఇంటర్నెట్టున కప్పగించును. స్వరూపమును బట్టి విధించిన దానికంటె సంజ్ఞను బట్టి విధించినది చిరకాలము నిలుచునని శాస్త్రకారు లెఱుఁగుదురు గాని, యీ ప్రోగ్రామువ్రాతగాండ్రలో నెందఱో యెఱుఁగమి నేఁటి పనివాండ్ర క్లేశమునకుఁ గారణమైనది.

ఇఁక నిషేధభాగము. వర్ణమునే యాశ్రయించిన విధియందు స్థానివద్భావము లేదు. దివ్ శబ్దమునకుఁ బ్రథమైకవచనమున వకారమునకు ఔకారము వచ్చును. ఆ ఔకారము వకారమువలె హల్లని యెంచినచో, హల్లు తరువాతి సుప్రత్యయము లోపించి ద్యౌః అనుచోట విసర్గ నిలువదు. హల్త్వము వర్ణధర్మము గావున సంక్రమింపదు, విసర్గ నిలిచినది. మోడెము విషయమున వర్ణమనఁగా బైటు, అనఁగా 0 మొదలు 255 వఱకుఁ గల సంఖ్య. నిజమైన మోడెమునకు బైట్లన్నియు సమానములే. ఇంటర్నెట్టుమీఁద నట్లు గాదు. 1983 మే నెలలో స్థిరపడిన టెల్‌నెట్ అను సంభాషణనియమమున 255 అను బైటునకుఁ బ్రత్యేకాధికారము కలదు: తరువాత వచ్చునది మాట గాదు, ఆజ్ఞ యని యది తెలుపును. 255 తానే మాటగాఁ బోవలసిన యెడల ద్విత్వము చేసి పంపవలెను. అందుకొనువాఁడు రెంటి నొకటిగ గ్రహింపవలెను. మఱియును పంక్త్యంతమును జెప్పు 13 అను బైటు తరువాత 10 లేనిచో, 0 అను నొక యాగమమును జేర్పవలెను. మా యను దానిపై నమ్మ యనుట వచ్చినచో నడుమ యకారము వచ్చినట్లు. ఉభయపక్షములు సమ్మతించినచో నీ యాగమమును మానుకొనవచ్చును, కాని ద్విత్వము తప్పదు.

ఈ రెండు విధులను బాటించు పక్ష మొకటియు, వానిని బొత్తిగ నెఱుఁగని పక్ష మొకటియుఁ గలిసినపు డేమగునో చూతము. క్రిస్టెన్‌సెన్ 1977లో నిర్మించిన ఎక్స్‌మోడెము అను పద్ధతిలో నొక గ్రంథమును 128 బైట్ల ఖండములుగ విఱిచి పంపుదురు. ప్రతి ఖండమునకు ముందు నొక యారంభచిహ్నము, ఖండసంఖ్య, ఆ సంఖ్యను 255 నుండి తీసివేయఁగా వచ్చు శేషము, చివర బైట్ల మొత్తమునుండి కట్టిన సరిచూపు బైటు: మొత్తము 132. ఖండసంఖ్య 1తో మొదలగును. 13వ ఖండము వచ్చునప్పటికి సంఖ్యాస్థానమున 13 అను బైటు పడినది. దాని తరువాతిది 242, పది గాదు. ఆగమము వచ్చి నడుమఁ జొచ్చినది. అందుకొనువాఁడు ఖండము చెడినదని త్రిప్పి పంపును. పంపువాఁడు మరలఁ బంపును. మరల నదే యాగమము. కొన్నిమాఱు లిట్లు జరిగి పని నిలిచిపోవును. సరిగ 1536 బైట్లు మాత్రము చేరియుండును. ఆగమము మానుకొని ద్విత్వము మాత్రము మిగిలిన యెడల, గ్రంథమున 255 ఎచ్చటను లేకున్నను, సరిచూపు బైటునందు నది తటస్థింపకున్నను, 255వ ఖండమున సంఖ్య తానే 255 అగును గనుక నక్కడ నిలుచును. అప్పటికిఁ జేరినవి 254 ఖండములు, 32,512 బైట్లు.

దీనినుండి తెలియఁదగినది యేమనఁగా, తీఁగె దోషమున కలుగు తప్పు నిలుకడ లేనిది. ఇప్పు డొకచోట, మఱియొకప్పుడు వేఱొకచోటఁ గలుగును. మరలఁ బంపినచోఁ దీఱును. ఆదేశదోషము వలనఁ గలుగు తప్పు ప్రతిమాఱు నొక్కచోటనే కలుగును. ఎన్నిమాఱులు పంపినను దీఱదు. లేఖకుని కునికిపాటువలనఁ గలిగిన తప్పునకును, మాతృకలోని తప్పునకును గల భేద మిదియే. తాళపత్రములను సంవదించి చూచినవారు దీనిని వెంటనే గుర్తింతురు. క్రిస్టెన్‌సెన్ పద్ధతి మొదటిదాని కుద్దేశింపఁబడినది, రెండవదానియెదుట నిస్సహాయము.

కాలవిషయమునను స్థానివద్భావము చెల్లదు. ఎక్స్‌మోడెమున నొక ఖండమును బంపి, అందినదను నుత్తరము వచ్చువఱకు నాఁగుదురు. 300 వేగమున 132 బైట్లు పోవుటకే 4.4 సెకనులు పట్టుచుండఁగా, ఉత్తరమునకుఁ బట్టు పావు సెకనును లెక్కించువాఁడు లేఁడు. ఇంటర్నెట్టుమీఁద ఖండము తృటిలోఁ బోవును. ఖండాంతరమున కయినచోఁ బోయివచ్చుటకుఁ బావు సెకను పట్టెననుకొనినను, సెకనుకు నాలుగు ఖండములకు, అనఁగా 512 బైట్లకు మించి నడువదు. మార్గ మెంత విశాలమైన నేమి? ప్రశ్నకును నుత్తరమునకును నడుమఁ గల మౌనమును మార్గవైశాల్యము తగ్గింపదు.

విపరీతమును గలదు. ఆ కాలపు ఫలకములలో నక్షరములతోను రంగులతోను జిత్రములను వ్రాసి, అవి మెల్లఁగ దిగుచుండఁగాఁ గదలుచున్నట్లు కనఁబడు నేర్పును జూపిరి. 80 నిలువులు, 25 వరుసలు గల తెరకు 2000 అక్షరములు. 2400 వేగమున నది నిండుటకు ఎనిమిది సెకనులకుఁ గొంచెము పైఁగాఁ బట్టును. చిత్రకారుఁ డా యెనిమిది సెకనులను దన వ్రాఁతలో భాగముగ నెంచెను. నేఁటి వేగమున నా చిత్రము కన్ను మూసి తెఱచులోపల ముగిసి, చివరి తెర మాత్రము మిగులును. అందుచేఁ గొన్ని యాదేశములు బైట్లను గావలెనని నెమ్మదిగ విడిచెడి యేర్పాటును జేసినవి. ఛందస్సు నెఱిఁగినవారు దీనిని బరిహసింపరు; మాత్రలను దీసివేసినచో నక్షరము లన్నియు నున్నను బద్యము లేదు.

హెదరింగ్టన్ మౌనముమాత్రము ఇంటర్నెట్టుమీఁదను జెక్కుచెదరలేదు. ఇంటర్నెట్టున నొక సెకను మౌన మెదుటికి మౌనముగనే చేరునని నమ్మరాదు. నడుమ ఖండము లాఁగి యొక్కుమ్మడిఁ జేరవచ్చును. కాని యీ మౌనము ప్రోగ్రామునకును దాని మోడెమునకును నడుమదే కాని, రెండు మోడెముల నడుమది కాదు. ఆదేశము ప్రోగ్రామునకుఁ జేరువనే కూర్చుండుటచేత మౌనమును దాను స్వయముగఁ గొలుచుకొనును. ఆదేశమును దూరముగ నుంచి, ద్వారమునే ఇంటర్నెట్టుమీఁద సాగఁదీయుటకు 1997 అక్టోబరులో టెల్‌నెట్టునకుఁ జేర్చిన నియమ మొకటి కలదు. అది డీసీడీ, డీటీఆర్ సైగలను గూడ మోయును. సైగలకు నది చాలును గాని, మౌనమును గొలుచుటకుఁ జాలదు.

ప్రోగ్రామునే దిద్దరాదా యని యడుగువారికి సమాధానము: పెక్కింటికి మూలవ్రాత దొరకదు, యంత్రమునకుఁ దగిన రూపము మాత్రమే మిగిలినది. దొరకినను, దిద్దిన ప్రోగ్రాము పూర్వపుది గాదు, నేఁటిది. పాఠమును జెఱుపక వ్యాఖ్యచే నన్వయించుట పరిష్కర్త ధర్మము, ఆదేశసాఫ్టువేరు వ్యాఖ్యస్థానీయము. కష్టమంతయు నది పడును; మూల మట్లే యుండును.

ఒక్క విషయమున మాత్రము వ్యాఖ్య యొక్కటి చాలదు. టెలిఫోను కాలమునఁ బిలుచువాఁడు సంఖ్య నెఱిఁగి, వెల యిచ్చి, పిలువవలెను. ఊరక తలుపు తట్టువారు తక్కువ. టెల్‌నెట్టునకు నియతమైన 23వ ద్వారము తెఱచియున్న చోటి నెల్ల వెదకుచు, సామాన్యములగు రహస్యపదములతోఁ జొరఁబడఁ జూచు యంత్రములు నేఁడు లోకమంతటఁ దిరుగుచున్నవి. 2016లో మిరాయి యను దుష్టప్రోగ్రా మిట్లే లక్షలకొలఁది పరికరములను వశపఱచుకొన్నది. ఒక్క తీఁగెతో నడచు పాత ఫలకమునకు నాదేశ మిట్టి ప్రతి తట్టునకును గంట మ్రోగించినచో, మనుష్యుఁడు పిలిచినపుడు వేఱొకరితో మాటలాడుచున్నామనియే యుత్తరము వచ్చును. పైఁగా టెల్‌నెట్టున రహస్యపదము మఱుఁగు లేక పోవును, నడుమనున్నవాఁడు చదువఁగలఁడు. అందుచే నీ ఫలకములను నడపువారిలోఁ గొందఱు 23 కాక వేఱొక ద్వారమును నియమించిరి. మఱికొందఱు లోనికి రాకమున్నే ఎస్కేప్ అను మీటను రెండుమాఱులు నొక్కుమని యడుగుదురు. తట్టు యంత్రములకు నీ మాట తెలియదు గనుక నూరకుండును. నొక్కినవాఁడు మనుష్యుఁడని తెలిసిన పిమ్మటనే యాదేశము గంట మ్రోగించును.